కత్తిరించిన ముక్కలు

దర్జీ గుడ్డ ముక్క పారేసే మనిషి కాదు. వేలెడు పీలికైనా సరే, ఎప్పటికైనా అతుక్కి పనికొస్తుందని మిషను కింద సంచిలో కుక్కుతాడు. కూతురు పాత కంప్యూటర్లో పాటలు రికార్డు చేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి ఇచ్చినప్పటినుంచి, సాయంత్రం కొట్టు కట్టేసి, మెడలో టేపైనా తియ్యకుండా మైకు ముందు కూర్చునేవాడు. గొంతు మంచిదే. చరణాల మధ్య మాత్రం వంటింట్లోంచి భార్య దగ్గు పడేది. "కాసేపు ఆపుకోలేవూ?" అని విసుక్కుంటే ఆవిడ తువ్వాలు నోట్లో కుక్కుకునేది. అయినా పడిన దగ్గును తెరమీద గీతల్లో ఇట్టే పోల్చి, అంతమేరా కత్తిరించి, రెండంచులూ కలిపేసేవాడు. అతుకు తెలిసేది కాదు. అతికిన పాట ఉంచుకుని, దగ్గున్న మొదటి రికార్డు చెరిపేసేవాడు. తన పనితనం ఆవిడకే వినిపించి మురిసిపోయేవాడు.

ఆవిడ పోయి నెల తిరక్కుండానే మళ్లీ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పాటలన్నీ వరసగా పెట్టి, చరణం అయినప్పుడల్లా చెవి స్పీకరుకి ఆనించాడు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి.

"ఇందులో కత్తిరించిన ముక్కలు ఎక్కడ పడతాయమ్మా?" అని కూతుర్ని అడిగాడు.

"ఎక్కడా పడవు నాన్నా. పోతాయంతే."