కుడికాలి బూటు

మిట్టేమరి పాపన్నకు కుడి పాదంలో స్పర్శ లేదు. చక్కెర జబ్బు తీసుకుపోయింది. బొటనవేలు అంతకుముందే పోయింది. మిగిలింది మల్బరీ తోట, పట్టుపురుగుల ఇల్లు, భార్య అంజనమ్మ. ఇంకా ఒక సైకిలు. తెల్లవారినాక చాకవేలు వైపు తొక్కి వచ్చేవాడు. అక్కడ పనేమీ ఉండేది కాదు. దిగుడులో గాలి మొహానికి కొట్టేది. మొహానికి ఇంకా తెలిసేది.

2007 ఎండాకాలంలో ఆ పాదం పెడల్ మీదినుంచి జారింది. జారినట్టు అతనికి తెలియలేదు. ఇంటి ముందర దిగినాక అంజనమ్మ చూసింది. మడమ మీద తోలు లేచిపోయి ఉంది.

చిక్కబళ్లాపురంలో డాక్టరు కట్టు కట్టి చెప్పినాడు. "ఇంకొక పుండు పడితే ఈ కాలు నిలవదు. ఇంట్లో కూడా ఒట్టికాళ్లతో తిరగొద్దు. సైకిలు మానెయ్."

ఒట్టికాళ్ల మాటకు పాపన్న తల ఊపినాడు. సైకిలు మాటకు కిటికీలోనుంచి బయటికి చూసినాడు.

అతని అక్క కొడుకు రూపేష్‌కు బెంగళూరులో ఉద్యోగం. ఆదివారాలు స్నేహితులతో సరదాగా సైకిలు తొక్కేవాడు. ఒకసారి మామను చూసేదానికి మిట్టేమరి దాకా వచ్చినాడు. అతని బూటు అడుగున ఒక బిళ్ల ఉంది. పెడల్ మీద పెట్టి నొక్కితే టక్కుమని పట్టుకొంది.

"కాలు జారదా?" అన్నాడు పాపన్న.

"జారదు మామా. మడమ బయటికి తిప్పితేనే వదులుతాది."

"ఇంకోసారి నొక్కు."

టక్. కాలు యాడుండాదో కాలు చెప్పదు. ఇది చెబుతుంది.

"దీంతో నడిచేదానికి అయితాదా?"

రూపేష్ నాలుగడుగులు నడిచి చూపించినాడు. బిళ్ల నేలకు తగిలి మునివేళ్లు పైకి లేచినాయి.

"కాళ్లు కట్టేసిన కోడి మాదిరి పోతాండాడు నీ అల్లుడు," అంది అంజనమ్మ.

"నడిచేదానికి వేరే రకం ఉండాది అత్తా. బిళ్ల లోపలికి గుంతలో ఉంటాది, చుట్టూ రబ్బరు. తోటలో దిగినా నడవొచ్చు."

"అదే కావల్ల," అన్నాడు పాపన్న.

బెంగళూరు అంగట్లో బూటు తొడిగి, బిగువుగా ఉందా అని అడిగినారు. పాపన్న పాదానికి అది తెలియదు. జేబులోనుంచి కాగితం తీసినాడు. సాయంత్రం పాదం వాచిన పొద్దులో అంజనమ్మ అతని కాలు చుట్టూ గీత గీసి కత్తిరించిన కాగితం. పురుగుల తట్టల్లో పరిచే పాత పేపరే. మొదటి బూటులో కాగితం అంచులు మడతపడినాయి. ఇంకోదాంట్లోనూ పడినాయి. వెడల్పు రకంలో కాగితం చదునుగా పడుకొంది. లోపల కుట్టు పొడుచుకొని ఉందేమోనని రూపేష్ చెయ్యి పెట్టి తడిమినాడు. పెడళ్లు కూడా కొని, చిన్నగా తిప్పినా వదిలేటట్టు వాటి పట్టును వదులు చేయించినాడు.

"ఎద్దుకు లాడం కొట్టించినట్టు కొట్టించుకొని వచ్చినావే అప్పా," అంది అంజనమ్మ.

"ఎద్దే అనుకో."

"ఎద్దు మాట వింటాది."

గోడ పట్టుకొని నేర్చుకొన్నాడు. మడమ తిప్పడం మరిచి పక్కకు పడినాడు. మళ్లీ లేచినాడు. వానాకాలమంతా చాకవేలు దారిలో తిరిగినాడు. వచ్చిన ప్రతిసారీ అంజనమ్మ మేజోడు తీసి, మల్బరీ ఆకు అడుగు చూసినట్టు, పాదం అడుగు చూసేది. పాదం బాగుంది.

పురుగుల ఇంట్లోకి బయటి చెప్పులతో ఎవరూ పోరు. పురుగులకు జబ్బు వస్తుంది. అందుకని అంజనమ్మ అతనికోసం రబ్బరు చెప్పులు కొని, కడిగి, వాకిలి పక్కన మేకుకు తగిలించి పెట్టింది.

పురుగు పొర విడిచేదాన్ని జ్వరమంటారు. నాలుగో జ్వరం లేచినాక పురుగులు ఆగకుండా తింటాయి. అట్లాంటి ఒక పొద్దున పాపన్న సైకిలు దిగేసరికి లోపలినుంచి అంజనమ్మ పిలిచింది. "ఆకు అయిపోయిందప్పా. బిన్నా తీసుకొనిరా, తడవు చేయొద్దు."

బూట్లతోనే తోటలోకి నడిచినాడు. మోపు భుజానికెత్తుకొని వచ్చినాడు. వాకిట్లో మోపు దించి, బూట్లు విప్పినాడు, మేజోళ్లు విప్పినాడు. నాయన కాలంనుంచి ఆ వాకిట్లో అతని కాళ్లు చేసే పని అదే. లోపలికి పోయినాడు. నేలమీద సున్నం చల్లి ఉంది. ఈ కొసనుంచి ఆ కొసదాకా తట్టల్లో ఆకు వేసినాడు.

అంజనమ్మ నేల చూసింది. ఎడమ అడుగులు తెల్లగా ఉన్నాయి. కుడి అడుగులు ఎర్రగా ఉన్నాయి.

"అప్పా, నిలుచుకో."

నిలిచినాడు. పాత తట్టనుంచి ఊడి నేలమీద పడిన మేకు ఇంకా పాదంలోనే ఉంది.

"నొప్పి లేదు," అన్నాడు.

"అదే కదప్పా," అంది.

ఇద్దరూ వాకిలి వైపు చూసినారు. రబ్బరు చెప్పులు మేకుకు వేలాడుతున్నాయి.

పుండులోకి సున్నం దిగింది. కాలు పిక్కదాకా నల్లబడింది. ఆసుపత్రి మంచం మీద పాపన్న డాక్టరు చెయ్యి పట్టుకొన్నాడు.

"మడమ ఉంచు సార్. వేళ్లన్నీ తీసుకో. మడమ ఉంటే తిప్పి తీసుకొంటా."

డాక్టరుకు అది అర్థం కాలేదు. అంజనమ్మకు అర్థమై బయటికి పోయింది. మోకాలి కింద తీసేసినారు.

తరువాత రూపేష్ వచ్చినాడు. పనిముట్లు తెచ్చినాడు.

"పెడళ్లు తీసేయనా మామా?"

"ఎడమది తీసుకో."

పాపన్న సైకిలు పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కుడి బూటు అడిగి తెప్పించుకొన్నాడు. పెడల్ మీద పెట్టి, రెండు చేతులతో నొక్కినాడు. టక్కుమంది.

చేత్తో పెడల్ తిప్పినాడు. బూటు కిందికి పోయి, పైకి వచ్చింది. పురుగుల ఇంట్లో ఆకు తింటున్న చప్పుడు వినిపిస్తోంది. మళ్లీ తిప్పినాడు.