అక్క మూటలు విప్పాను

అక్కను హాస్పిస్‌లో చేర్చిన వారానికి తార్నాకలో ఆమె ఇల్లు సర్దడానికి వెళ్లాను. ఇక నయం కాదని తేలిపోయినవాళ్లను నొప్పి తెలియకుండా చూసుకునే చోటు ఆ హాస్పిస్. ఆ మాట ఇంట్లో ఎవరమూ పైకి అనలేదు. ‘ఇంకో ఆసుపత్రి’ అన్నాం. అక్కకూ అదే చెప్పాం.

అక్క టైలర్. ముందుగదిలో మిషన్ పెట్టుకుని ఏళ్ల తరబడి జాకెట్లు కుట్టింది. యూనివర్సిటీలో ఉద్యోగాలు చేసే ఆడవాళ్లు, హాస్టల్ పిల్లలు, వీధిలోవాళ్లు అందరూ ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. రసీదు ఇచ్చేది కాదు, పేరు రాసుకునేది కాదు. కొలతకిచ్చిన పాత ఆది జాకెట్టును, కుట్టాల్సిన కొత్త ముక్కలో చుట్టి, ముడివేసి మూలన పడేసేది. చూడగానే ఏ మూట ఎవరిదో చెప్పేది. నేను క్యాంపస్‌లో పాఠాలు చెబుతాను, నాకు అన్నీ వరసగా ఉండాలి. ఆ మూల చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

“నంబర్లు ఏస్కోవచ్చు కదా?” అని సణిగేదాన్ని.

“ఇవేమన్న నీ పరీక్ష పేపర్లా?” అని నవ్వేది.

ఆరోజు అడ్డుకునేవాళ్లు లేరు. ఇరవై పైచిలుకు మూటలు విప్పేశాను. ఆది జాకెట్లన్నీ ఉతికి ఇస్త్రీ చేసి ఒక దొంతి, కొత్త ముక్కలన్నీ రంగుల వారీగా ఇంకో దొంతి పెట్టాను. ఎంత తృప్తిగా ఉందో చెప్పలేను. మర్నాడు క్లాసు కాగానే బస్సెక్కి అక్క దగ్గరికి పోయి, చేసిన ఘనకార్యం చెప్పాను కూడా.

అక్క కళ్లు మూసుకుంది. నొప్పేమో అనుకున్నాను.

“అన్ని విప్పినవా?”

“విప్పిన.”

“ఏ ముక్క ఎవరిదో ఇప్పుడెట్ల తెలుస్తదే?”

అప్పుడు గానీ నాకు బుర్ర వెలగలేదు. అక్కే అన్నది, “గీడికి తీస్కరా. చేతిల పట్టుకుంటె చెప్త. ఒక్క గంట చాలు.”

“మంచిగైనంక ఇంటికొచ్చి నువ్వే చూస్కుందువు తియ్.”

“తీస్కరా చెల్లె.”

“ఇది ఆసుపత్రక్కా. బట్టలమూటలు రానియ్యరు.”

నేను ఎవరినీ అడగలేదు. ఆ బట్టలు అక్కడికి మోసుకుపోతే, అక్క ఇక ఇంటికొచ్చి మిషన్ ముందు కూర్చోదని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. అది సగం కారణం. మిగతా సగం చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. దిద్దాల్సిన పేపర్లు కుప్ప పడి ఉన్నాయి, రెండు సంచులు వేసుకుని ఊరంతా తిరగడానికి బద్ధకించాను.

మళ్లీ పోయినప్పుడు, “అడిగినవా వాళ్లను?” అంది.

“అడిగిన. వద్దన్నరు.”

నా ముఖం కేసి కాసేపు చూసింది. “సరె తియ్,” అంది. దారపుండ రంగు కొంచెం తేడా వస్తే దుకాణం వాడితో అరగంట పోట్లాడే మనిషి, నాతో ఒక్క మాట పెంచలేదు. ఆ తర్వాత మళ్లీ అడగలేదు.

ఆదివారానికి పేపర్లు అయిపోయాయి. మనసు ఒప్పక రెండు సంచులూ ఆటోలో వేసుకుని వెళ్లాను. గుమ్మం దగ్గరే నర్సు ఎదురైంది. సంగతి విని, “అయ్యో, ముందే తేవాలె కదా మేడం! మంచం పక్కన బల్ల ఏస్తుంటిమి. మొన్న ఒక పెద్దాయనకు హార్మోనియం కూడా తెచ్చిచ్చిన్రు,” అంది.

అక్క అంతకుముందు రోజు నుంచే కళ్లు తెరవడం లేదు. నేను పక్కన కూర్చుని ఒక్కో ముక్కా ఆమె చేతిలో పెట్టాను. వేళ్లు ముడుచుకోలేదు. “ఇది ఎవరిదక్కా?” అని అడుగుతూనే ఉన్నాను. రెండు రోజులకు పోయింది.

దినాలయ్యాక ఆడవాళ్లంతా బట్టల కోసం వచ్చారు. అందరికీ క్షమాపణ చెప్పుకోవాలని సిద్ధపడి, దొంతులు చాప మీద పరిచాను. పది నిమిషాలు పట్టలేదు. ఎవరి ముక్క వాళ్లు, ఎవరి ఆది జాకెట్టు వాళ్లు ఏరుకున్నారు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, అంబర్‌పేట నుంచి వచ్చే ఒకామె, “మా జాకెట్టు మాకు తెల్వదా మేడం?” అంది.

వాళ్లు వెళ్లాక ఖాళీ చాప మీద కూలబడ్డాను. ఏళ్లకేళ్లు ఈ ఆడవాళ్లతో మెలిగిన అక్కకు ఈ మాత్రం తెలియదా? ఎవరివి వాళ్లు గుర్తుపడతారని కచ్చితంగా తెలుసు. అయినా మూడుసార్లు నోరు తెరిచి అడిగింది. టైలర్‌గా ఇంకొక్క గంట ఉంటానని అడిగింది. నేను ఉండనివ్వలేదు.