సైకిల్ మీంచి పడలేదు

సిరిసిల్లలో సాంచాలంటే కరెంటు మగ్గాలు. నేను ఒక సేటు షెడ్డులో నాలుగు సాంచాలు నడిపేవాడిని. పోగును మోస్తూ అటూ ఇటూ ఉరికే కొయ్య నాడె బయటికి ఎగరకుండా ప్రతి సాంచకూ ఒక అడ్డుకడ్డీ ఉండాలి. తెగిన పోగు అతకడానికి అది అడ్డొస్తోందని, బట్ట తక్కువ దిగుతోందని సేటు వాటిని విప్పించేశాడు. ఒక మధ్యాహ్నం నాడె ఎగిరొచ్చి నా కుడిచేతి వేళ్లు విరగ్గొట్టింది.

సేటు కట్టు కట్టించాడు. మరునాడే నా సాంచాలు ఇంకొకరికి ఇచ్చేశాడు. పైగా నేను సైకిల్ మీంచి పడ్డానని బజారంతా చెప్పాడు! షెడ్డులో తగిలిందంటే నయమయ్యేదాకా కూలి ఇవ్వాలి కదా. సైకిల్ మాట అబద్ధమని అతని నోటితోనే చెప్పించాలని, ఆ కూలి రాబట్టాలని పంతం పట్టాను.

పని లేక నేనూ నా భార్యా కోరుట్లలో మా అక్క ఇంటికి బయలుదేరాం. ఊరి చివర పోలీసులు బస్సు ఆపారు. మావైపు అన్నలని పిలిచే నక్సలైట్ల కోసం ఎవరినైనా దింపి అడిగే రోజులవి. నా కట్టు చూడగానే స్టేషన్‌కు తీసుకెళ్లారు.

"బాంబు చేస్తాంటె పేలిందా?" అన్నాడు ఎస్సై.

"సాంచ కాడ తగిలింది సార్."

పక్కనున్న కానిస్టేబుల్ అందుకున్నాడు. "సైకిల్ మీదికెల్లి పడ్డడని సేటు చెప్పంగ విన్న సార్."

రెండు మాటలకూ పొంతన లేదని నన్ను అక్కడే కూర్చోబెట్టారు. చూశారా, ఆ అబద్ధం నన్ను ఎక్కడికి తెచ్చిందో!

నా భార్య షెడ్డుకు పరుగెత్తి, పనివాళ్లందరి ముందే అడిగిందట: "గీయన అన్నల మనిషైతే, ఇన్నేండ్ల సంది నీ షెడ్ల దాసిపెట్టినట్టె గద సేటూ?"

సేటు ఆయాసపడుతూ స్టేషన్‌కు వచ్చాడు. "మా పనోడే సార్. నా సాంచ కాడనే తగిలింది."

నా గుండె గంతులేసింది! ఎస్సై పొమ్మన్నా నేను కదల్లేదు.

"మరి సైకిల్ సంగతేంది సేటూ? గది గూడ సార్‌కు చెప్పు."

"అబద్ధమాడిన సార్," అన్నాడు తలొంచుకుని.

బయటికి రాగానే సేటు పళ్లు నూరాడు. "కట్టు పైసలు ఇచ్చిన గదరా! ఇంకేం గావాలె?"

"కట్టొక్కటే కనవడ్తదా సేటూ? నా కూలి పోయె. నా సాంచాలకు ఇంట్ల నూలు కండెలు చుట్టే నా పెండ్లాం పని పోయె. కొత్తోనికి చెయ్యి తిరుగక నీ బట్ట వాపసు రాలే? గది గూడ నా దెబ్బల లెక్కనే."

సేటు నడిరోడ్డు మీద ఆగిపోయాడు. తన నష్టం అతనికి అప్పుడే తట్టినట్టుంది.

నయమయ్యేదాకా కూలి ఇచ్చాడు. నా సాంచాలు నాకే ఇచ్చాడు. నా భార్య పోగొట్టుకున్న దానికి మాత్రం పైసా ఇవ్వలేదు. ఇప్పటికీ బజారులో ఎదురైతే, నమస్తే కంటే ముందు అదే అడుగుతాను.