రెఫరీ బెంచీ ఎక్కిన రోజు

ఆర్లెన్ నీమి ఏ పార్టీకి ఓటు వేస్తాడో డులూత్ ఊరు మొత్తం మీద అతని భార్య విల్మా ఒక్కదానికే తెలుసు. ఎవరైనా ఆరా తీస్తే, "నాకు తెలుసు, మీకు అక్కర్లేదు" అని మాట మార్చేస్తుంది.

ఖనిజాన్ని ఓడల్లోకి ఎత్తే రేవులో పనిచేసి రిటైరయ్యాడు ఆర్లెన్. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ శని, ఆదివారాల్లో పిల్లల ఐస్ హాకీ ఆటలకు రెఫరీగా ఉండేవాడు. ఆ ఊళ్లో పిల్లల ఆటకు రెఫరీ అంటే మంచు మీద ఉన్న పిల్లల్ని అదుపు చేయడం కాదు, గట్టు మీద ఉన్న తల్లిదండ్రుల్ని తట్టుకోవడం. ఒక ఫైనల్లో సొంత మేనల్లుణ్ణే ఆటలోంచి బయట కూర్చోబెట్టాడు. మేనల్లుడి జట్టు ఓడిపోయింది. అక్క ఏడాదిపాటు మాట్లాడలేదు. ఆ ఏడాది క్రిస్మస్‌కు ఆమె ఇంటి నుంచి రావలసిన బిస్కెట్ల డబ్బా రాలేదని విల్మా ఇప్పటికీ గుర్తు చేస్తుంది. ఆర్లెన్ మాత్రం, "వాడు కర్రతో కొట్టాడు. నేను చూశాను" అంటాడు. అంతకుమించి ఒక్క మాట అనడు.

ఊరి హాకీ జట్టు అభిమానులకు ఇంటర్నెట్‌లో ఒక చర్చావేదిక ఉంది. దాన్ని నడిపేది ఆటసామాన్ల దుకాణం యజమాని క్రెయిగ్ లండీన్. గోల్ కీపర్ గురించి మొదలైన మాట మూడో జవాబుకల్లా దేశాధ్యక్షుడి మీదికి పోతుంటే విసుగెత్తి, రాజకీయాల కోసం విడిగా ఒక విభాగం తెరిచాడు. అందరూ దాన్ని 'వెనక గది' అంటారు. ఆ గది పెత్తనం ఆర్లెన్ చేతిలో పెట్టాడు.

"నేనెందుకు?" అన్నాడు ఆర్లెన్.

"తిట్లు తినడం నీకు అలవాటే కదా" అన్నాడు క్రెయిగ్.

ఆర్లెన్ నియమాలు తక్కువ. పార్టీని తిట్టొచ్చు. నాయకుల్ని తిట్టొచ్చు. టీవీలో, రేడియోలో గొంతు చించుకునేవాళ్లను ఎంతైనా తిట్టొచ్చు. ఎదుటివాడి ఇంటివాళ్ల జోలికి పోకూడదు. కోర్టు తీర్పు వచ్చే రోజున, చివరి అంశం చదివేదాకా ఎవరూ ఫలితం ప్రకటించకూడదు. గీత దాటినవాడు రెండు రోజులు బెంచీ మీద కూర్చోవాలి. హాకీలో తప్పు చేసిన ఆటగాణ్ణి కూర్చోబెట్టే బెంచీ లాంటిదే. ఆ రెండు రోజులూ అతను రాజకీయం మాట్లాడకూడదు, వంటలు మాత్రమే రాయాలి. అలా బెంచీ ఎక్కినవాళ్లంతా రాసింది పోగుపడి, బంగాళదుంపలు పరిచి ఓవెన్లో కాల్చే హాట్‌డిష్ ఎలా చేయాలో ఆ జిల్లాలో ఎవరికి సందేహమొచ్చినా వెనక గదిలోనే వెతుక్కునే పరిస్థితి వచ్చింది.

గదిలో అందరికన్నా పెద్ద గొంతులు రెండు. ఒకటి ఆర్డిస్ స్టెన్‌బర్గ్‌ది. స్కూలు బస్సు నడిపి రిటైరైన పెద్దావిడ, డెమొక్రాట్. రెండోది వెర్లిన్ స్కార్‌ది. రోడ్డు పక్క మంచులో కూరుకుపోయిన కార్లను లాగే ట్రక్కు అతని సొంతం, రిపబ్లికన్. చిన్నప్పుడు అతను ఆర్డిస్ బస్సులోనే బడికి వెళ్లాడు.

"ఒరేయ్ వెర్లిన్, నిన్ను బస్సులో ముందు సీట్లో కూర్చోబెట్టింది ఎందుకో మర్చిపోయావా? అప్పుడూ ఇంతే, వెనకాల కూర్చుని లేనిపోనివి చెప్పేవాడివి" అని ఆమె రాసేది.

"పెద్దమ్మా, నీ బస్సెప్పుడూ ఎడమ పక్కకే లాగేది. అప్పుడే అర్థమైంది నాకు" అని అతను.

ఆ ఏడాది చలికాలం చివర్లో గదికి గండం వచ్చింది. బక్ హారిగన్ అని ఒక రేడియో వక్త. వెర్లిన్ ట్రక్కులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోగేది అతని గొంతే. రాష్ట్రం దక్షిణాన అచ్చుయంత్రం నడుపుకునే దంపతులు బ్యాలెట్ కాగితాలు దొంగతనంగా అదనంగా అచ్చువేశారని హారిగన్ నెలల తరబడి చెప్పాడు. వాళ్ల షాపు అద్దాలు పగిలాయి, గిరాకీ పోయింది. వాళ్లు పరువునష్టం దావా వేశారు. హారిగన్ అన్న మాటల్లో ఎనిమిదింటిని ఏరి, ఒక్కొక్కటీ అబద్ధమా కాదా, నష్టం చేసిందా లేదా అని తేల్చమని జడ్జి మామూలు పౌరులతో కూడిన జ్యూరీకి అప్పగించాడు.

విచారణ సాగుతుండగా వేరే ఊళ్ల వెబ్‌సైట్లలో జ్యూరీ సభ్యుల పేర్లు బయటపెట్టడం, వాళ్ల ఇళ్లకు బెదిరింపులు వెళ్లడం మొదలైంది. క్రెయిగ్‌కు భయం పట్టుకుంది. ఆర్లెన్‌ను దుకాణానికి పిలిపించాడు.

"తీర్పు రోజు దాకా చూస్తాను. జ్యూరీలో ఎవరి ఆచూకీ అయినా మన గదిలో కనిపించి, అది అక్కడే పడి ఉందనుకో, గది మూసేస్తాను. మళ్లీ తెరవను. నాకు పెళ్లాం, పిల్లలు, షాపు ఉన్నాయి ఆర్లెన్."

"మూసెయ్యి. అదే జరిగితే నేనే మూసెయ్యమంటాను" అన్నాడు ఆర్లెన్.

బయటికొచ్చి కారులో కూర్చున్నాక గానీ అతనికి ఆ మాట బరువు తెలియలేదు. రేవులో చేసిన పని రేవుకే పోయింది. ఖనిజం ఎక్కడికి వెళ్లిందో ఏమైందో అతనికి తెలియదు. హాకీ ఆడిన పిల్లలు పెద్దవాళ్లై చెల్లాచెదురయ్యారు. ఇది నేను నిలబెట్టాను అని వేలెత్తి చూపగలిగింది ఆ గది ఒక్కటే. దేశమంతా తోబుట్టువులు ఒకే బల్ల దగ్గర కూర్చుని తినలేకపోతున్న కాలంలో, ఆర్డిస్, వెర్లిన్ అక్కడ రోజూ పోట్లాడుకుంటూ, రోజూ తిరిగి వస్తున్నారు.

తీర్పు మధ్యాహ్నం వస్తుందన్నారు. బయట సరస్సు మీంచి మంచు అడ్డంగా కొడుతోంది. ఆర్లెన్ వంటింటి బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని కోర్టు ప్రసారం చూస్తున్నాడు. పొయ్యి మీద విల్మా సూపు పెడుతోంది. గదిలో ఇరవైమంది ఒకేసారి రాస్తున్నారు.

"పెద్దమ్మా, రుమాలు దగ్గర పెట్టుకో. మా బక్ ఇవాళ నవ్వుతూ బయటికొస్తాడు."

"వస్తాడురా, జేబులు తిరగేసుకుని వస్తాడు."

కోర్టు గుమస్తా తీర్పు చదవడం మొదలుపెట్టింది. మొదటి మాట: పరువునష్టం కాదు. హారిగన్ లాయరు పిడికిలి బిగించి బల్ల మీద మెల్లగా తట్టాడు. ఆర్లెన్‌కు ఏమైందో అతనికే తెలియదు. ఎన్నో తీర్పుల రోజుల్లో ఇతరులు ఎగబడటం చూస్తూ, ఆపుతూ కూర్చున్నవాడు. ఈ ఒక్కసారి వేళ్లు ముందే కదిలాయి. 'తీర్పు వచ్చింది. హారిగన్ బాధ్యుడు కాదు' అని పెద్ద అక్షరాలతో గది నెత్తిన అతికించాడు.

వెర్లిన్ పటాసుల బొమ్మలు పెట్టాడు. గుమస్తా రెండో మాట చదివింది. అబద్ధం, నష్టం జరిగింది. మూడోది అబద్ధం. నాలుగోదీ అంతే. ఎనిమిదో మాట దాకా మళ్లీ ఒక్కదానికీ 'కాదు' అని రాలేదు. హారిగన్ ఓడిపోయాడు.

విల్మా గరిట పట్టుకునే వచ్చి భుజం మీంచి చూసింది. "ఏమయ్యా ఆర్లెన్, ఏం చేశావ్?"

గది అప్పటికే అతని మీద పడింది.

"రెఫరీ గారూ, ఇన్నాళ్లకు దొరికారు! మీరు రిపబ్లికన్ అని నేను ఎప్పుడో చెప్పాను" అని ఎవరో.

"కాదు కాదు, మావాళ్లకు ఆశపెట్టి ఏడిపించాలని కావాలనే చేశాడు. పక్కా డెమొక్రాట్" అని ఇంకెవరో.

ఆర్డిస్ మాత్రం ఒకే ముక్క రాసింది. "ఆర్లెన్, నియమం నీదే కదా?"

తప్పుడు ప్రకటన తీసేసి, పొరపాటయిందని ఒక వాక్యం రాసి ఊరుకోవచ్చు. ఎవరూ పెద్దగా అనరు. క్రెయిగ్ అయితే సంతోషిస్తాడు, ఇవాళ అతనికి గదిలో కాపలా కావాలి. ఆర్లెన్ తప్పుడు ప్రకటన తీసేశాడు. తర్వాత రాశాడు: 'చివరి అంశం చదవకముందే ఫలితం ప్రకటించినందుకు ఆర్లెన్ నీమికి రెండు రోజులు బెంచీ. నేను బెంచీ మీద ఉన్నప్పుడు పెత్తనం ఇద్దరిది, ఒక్కో పక్క నుంచి ఒకరు. ఇద్దరూ ఒప్పుకుంటేనే దేన్నయినా తీసేయగలరు. ఆర్డిస్, వెర్లిన్, మీరే.' అధికారం వాళ్లిద్దరి పేర్ల మీదికి మార్చి, తన పేరు తీసేశాడు.

వెంటనే ఫోన్ మోగింది. క్రెయిగ్. "నీకు మతి పోయిందా? ఇవాళేనా? ఆ ఇద్దరికా? ఇవాళ మంచి రోజని కూడా వాళ్లిద్దరూ ఒప్పుకోరు!"

"నేను చూశాను క్రెయిగ్. తప్పు చేశాను. ఈల నా చేతిలో ఉందని నన్ను వదిలేస్తే రేపు ఎవర్ని కూర్చోబెడతాను?"

"నేనన్న మాట గుర్తుంది కదా?"

"గుర్తుంది."

బెంచీ మీద ఉన్నవాడు వంట రాయాలి కనుక విల్మా సూపు గురించి రాయడం మొదలుపెట్టాడు. "సూపులో వేసే అడవిబియ్యం ఎంతసేపు ఉడకాలి?" అని అడిగితే, "ఇన్నేళ్లు తిన్నావు, నీకే తెలియాలి" అంది ఆమె. అతను అరగంట అని రాశాడు. అరగంటకు అది రాళ్లలా ఉంటుందని ఆర్డిస్ కింద రాసింది.

అప్పుడు గదిలో ఒక రాత కనిపించింది. ఎవరో కొత్త పేరు, ఆ రోజే చేరినవాడు. జ్యూరీకి పెద్దగా ఉన్నావిడ ఏ పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుందో, అది ఏ వీధిలో ఉందో, పొద్దున ఎన్నింటికి తాళం తీస్తుందో రాశాడు. 'వెళ్లి పలకరించండి' అన్నాడు.

ఆర్డిస్ క్షణాల్లో తొలగించమని నొక్కింది. ఆమె పేరు పక్కన గుర్తు పడింది. వెర్లిన్ పేరు పక్కన ఖాళీ.

ఆ జ్యూరీయే వెర్లిన్ అభిమాన వక్తను ముంచింది. అందాకా గంటసేపు వెర్లిన్ ఆ జ్యూరీని దద్దమ్మలని, గుడ్డివాళ్లని తిడుతూనే ఉన్నాడు. ఇప్పుడు ఉలుకూ పలుకూ లేదు. ఆర్లెన్ కుర్చీలోంచి లేచాడు, మళ్లీ కూర్చున్నాడు.

"వెర్లిన్‌కి ఫోన్ చెయ్యి" అంది విల్మా.

"చేశాను. ఎత్తడం లేదు."

క్రెయిగ్‌కు చెబితే వెంటనే తీసేస్తాడు, ఆ వెంటనే గది మూసేస్తాడు. గది సంగతి తర్వాత. రేపు పొద్దున ఆ పళ్ల డాక్టరు తలుపు తాళం తీసే మనిషి ఉంది. ఆర్లెన్ క్రెయిగ్ నంబరు తీశాడు. నొక్కబోతుండగా విల్మా అతని చెయ్యి పట్టుకుని తెర వైపు చూపించింది.

వెర్లిన్ పేరు పక్కన గుర్తు పడింది. ఆ రాత మాయమైంది. దాని స్థానంలో వెర్లిన్ మాటలు వచ్చాయి.

"ట్రక్కు కింద పడుకుని ఉన్నా, చేతులకు గ్రీజు. ఆలస్యమైంది. ఎవడ్రా నువ్వు? ఆ జ్యూరీవాళ్లు దద్దమ్మలే. నా మాట మారదు. కానీ ఆవిడ రేపు పనికి వెళ్లాలి, నా చెల్లెల్లాగే. ఇక్కడ నీకు సీటు లేదు. దిగిపో."

దాని కింద ఆర్డిస్: "కొత్తవాణ్ణి శాశ్వతంగా బయటికి పంపడానికి నేనూ నొక్కాను. వెర్లిన్, చేతులు కడుక్కో."

"సరే పెద్దమ్మా."

దాని కింద వరసగా, రెండు పక్షాలవాళ్లూ, ఏ వాదనా లేకుండా 'సరైన పని' అని రాసుకుంటూ పోయారు. ఆర్లెన్ చదువుతూ కూర్చున్నాడు. రెఫరీగా ఉన్న రోజుల్లో అతనికి ఒక కోరిక ఉండేది, ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. ఒక్క ఆటైనా ఈల ఊదాల్సిన పని లేకుండా జరిగితే చూడాలని. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. విల్మా చూడనట్టు సూపు వైపు తిరిగింది.

రెండు రోజులయ్యాక క్రెయిగ్ ఫోన్ చేశాడు. "గది ఉంటుంది. అదంతా తర్వాత చదివాను. నీ పెత్తనం నువ్వు తీసుకో."

"వద్దు. వాళ్లిద్దరి దగ్గరే ఉండనీ."

"కొట్టుకు చస్తారయ్యా!"

"చావరు. ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంటారు. నాకన్నా అది గట్టిది."

"మరి నువ్వేం చేస్తావు?"

"ఇన్నేళ్లూ అందరి మాటలూ విన్నాను. నా మాట ఒక్కటీ చెప్పలేదు. చాలా ఉన్నాయి."

ఆ మధ్యాహ్నం ఆర్లెన్ నీమి వెనక గదిలో మామూలు మనిషిగా మొదటిసారి రాజకీయం రాశాడు. హారిగన్‌నూ వదల్లేదు, హారిగన్ ఓడాడని టీవీలో రెండు రోజులుగా ఎగురుతున్న అవతలి పక్షం వక్తనూ వదల్లేదు. కోర్టుల మీద, ఓటు మీద, డబ్బుకు కోపం అమ్ముకునేవాళ్ల మీద, మూడు పేరాలు.

ముందు వెర్లిన్ వచ్చాడు. "ఈ ముసలాయనకి ఒక్క ముక్క తెలియదు."

వెనకే ఆర్డిస్. "జీవితంలో మొదటిసారి వెర్లిన్ చెప్పింది నిజం. రెండో పేరా మరీ అన్యాయం."

ఆర్లెన్ పకపకా నవ్వి, కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకుని జవాబు రాయడం మొదలుపెట్టాడు.