మాత్రకు పెట్టిన వాత

ఆ వాత మచ్చ ఇప్పటికీ మా చెల్లెలి మణికట్టు మీద ఉంది. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

వానలు లేక, మేత కొనలేక నాయన పాడావును అమ్మేసిన ఏడు అది. చెల్లెలు కాన్పుకు పుట్టింటికి వచ్చింది. బిడ్డ పుట్టిన కొన్నాళ్ళకే చెల్లెలికి నోటి మూలలు పగిలాయి, నాలుక పూసింది. ఆసుపత్రిలో విటమిన్ మాత్రలు ఇచ్చారు. మింగిన మర్నాడే మూత్రం చిక్కటి పసుపు రంగులో పోయింది. అమ్మ లేని మా ఇంట్లో పెత్తనమంతా మేనత్తది. చూడగానే కామెర్లని తేల్చేసింది. నాయన మారుమాట లేకుండా ఆటో పిలిచి, రాప్తాడు అవతల పసరు మందిచ్చే ఆయన దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన ముక్కులో పసరు పిండి, చేతికి వాత పెట్టి, పాలు, పప్పు, ఉప్పు, నూనె మానమన్నాడు. మాత్రలూ మాన్పించారు.

నాది తాడిపత్రిలో ఉద్యోగం. శనివారం ఇంటికి వచ్చేసరికి బాలింత చప్పిడి గంజి తాగుతోంది. పాలు చాలక బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. బాలింత కడుపు మాడ్చేవాళ్ళను ఏమనాలి?

మాత్రల అట్ట చదివాను. రైబోఫ్లేవిన్. దాని రంగే పసుపు. ఒంటికి పట్టగా మిగిలింది మూత్రంలో పోతుంది. దాన్నే మిఠాయిల్లో, ఐస్‌క్రీముల్లో రంగుకూ కలుపుతారు. రంగుకు కలిపితే లొట్టలేసుకుని తింటారు, బలానికి ఇస్తే వాత పెట్టిస్తారా అని అరిచాను. పుస్తకాలు చదివితే కామెర్లు పోతాయా అంది అత్త.

నాకు తిక్క రేగింది. వాళ్ళ కళ్ళెదుటే ఒక మాత్ర మింగాను. మర్నాడు పొద్దున్నే నా మూత్రం గ్లాసులో పట్టి తెచ్చి అరుగు మీద పెట్టాను.

"నాకూ కామెర్లొచ్చినాయి నాయనా. ఆటో పిలువు" అంటూ వాతకు చెయ్యి చాపాను.

నాయన గ్లాసు చూసి తల దించుకున్నాడు. అత్త పోయి పప్పు పొయ్యి మీద పెట్టింది. ఆ పూట చెల్లెలు కడుపునిండా తింది. పంతం నెగ్గిన పొగరుతో దాని పక్కన కూర్చుని, వాతకు మందు రాస్తూ, నోరు తెరిచి ఒక్క మాట చెప్పలేకపోయావా అని దాన్నీ తిట్టాను.

అది బిడ్డకు పాలిస్తూ తలెత్తలేదు.

"పచ్చగా పోతాదని నర్సమ్మ ముందే చెప్పినాది. ఇంట్లో చెప్పినా. ఆటోలో చెప్పినా. వాత పెట్టేటప్పుడూ చెప్పినా. నా మాట ఎవురూ ఇనలేదక్కా. నీ ఉచ్చ చూసి నమ్మినారు."