కాలువ దాటే పాలాయన

గౌలిపురలో మా దుకాణం ముందున్న సిమెంటు రోడ్డు దాటుతూ పాలాయన లుంగీ మోకాళ్లదాకా ఎత్తేవాడు. ఒకప్పుడు అక్కడ కాలువ పారేదట. పాత సంగతుల కోసం అందరూ ఆయన దగ్గరికే పోతుంటే నాకు కడుపుమంట. ఒకసారి నేనూ ప్యాంటు ఎత్తి దాటాను. "ఏంది సేటూ, బురద తొక్కినవా?" అని చూసినవాళ్లు నవ్వారు.

ఊరి చరిత్ర రాసే అమ్మాయి వస్తే, చాయ్ తాగించి నా దగ్గరే ఆపేశాను.

"కాలువ ఒడ్డున మొదటి దుకాణం ఎవరిదన్నా?"

ఆమె గ్లాసులో ఇంకాస్త చాయ్ పోశాను.

అటుగా పోతున్న పాలాయన ఆగాడు. "గీ సేటు వాళ్ల తాతదే బిడ్డా. బెల్లం గంప నెత్తిన పెట్టుకొని, నడుంలోతు నీళ్లల్ల నడిచొచ్చిండు. రాస్కో."

ఆమె రాసుకుంటుంటే, నాకెప్పుడో తెలిసినట్టు తలూపుతూ మా తాత కథను మొదటిసారి విన్నాను.