మనవడి దణ్ణాలు

దర్జీ తాత కొట్లో మిషను పక్కనే మనవడి ఉయ్యాల. నిద్ర లేవగానే ఆ ఆరునెలల పసివాడు ఉండుండి తల వాల్చి, చేతులు ముందుకి చాచి, ఒక్కసారిగా ముడుచుకుపోయేవాడు. "చూశారా, మావాడు మీకు దణ్ణం పెడుతున్నాడు!" అని తాత కొలతలకి వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయేవాడు. "నాన్నా, వీడు నవ్వడం మానేశాడు, డాక్టరుకి చూపిద్దాం" అని కూతురంటే, "నీదంతా చాదస్తం" అని కొట్టిపారేసేవాడు. చివరికి ఆమే పట్టుబట్టి ఆస్పత్రికి బయల్దేరదీసింది.

అక్కడ పిల్లాడి తలనిండా వైర్లు అతికించారు. తెర మీద గీతలు గజిబిజిగా, ఒకదానికొకటి పొంతన లేకుండా ఎగిరెగిరి పడుతున్నాయి. "మెదడు తరంగాలు అదుపు తప్పాయి. వీడు అలా తల వాల్చి ముడుచుకుపోయేలా చేస్తున్నవి మూర్ఛలు. ఎన్నాళ్లుగా వస్తున్నాయి?" అంది డాక్టరమ్మ. కూతురు నోరు విప్పలేదు. తనని కాపాడుతోందని తాతకి అర్థమైంది. "నెల దాటిందమ్మా. అమ్మాయి చెబుతూనే ఉంది. నేనే అదో ఆటనుకుని అందరికీ చూపించాను" అన్నాడు. "మందు ఇవాళే మొదలుపెడదాం. ఎంతవరకు తేరుకుంటాడో ఇప్పుడే చెప్పలేను" అందావిడ.

వైర్లు తీశాక పిల్లాణ్ణి ఎత్తుకోవడానికి ఆయనకి చేతులు రాలేదు. కూతురే తెచ్చి ఒళ్లో పడుకోబెట్టింది. "జుట్టుకి జిగురంటింది, తుడువు నాన్నా" అంది. ఆయన రుమాలు తడిపి మెల్లగా తుడుస్తూ కూర్చున్నాడు. కూతురి మొహంలోకి మాత్రం చూడలేకపోయాడు.